లెక్కకు రాని జ్వరం

సికిందరాబాదు ప్రజలకు అంటువ్యాధి పుస్తకంలో చదివి తెలుసుకున్న విషయం కాదు. అది వారి పండుగలోనే ఉంది. ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళికి జరిగే బోనాలను పాతవాళ్ళు నేటికీ లష్కర్ బోనాలంటారు. లష్కరంటే సైన్యం. 1813లో ఉజ్జయినికి వెళ్ళిన పటాలంలో సురిటి అప్పయ్య అనే డోలీ మోసేవాడు ఉండేవాడట. అక్కడ రోగం చెలరేగి జనం రాలిపోతుంటే, తన ఊరు చల్లగా ఉంటే అమ్మవారికి గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడట. 1815లో తిరిగి వచ్చి మొక్కు తీర్చుకున్నాడని జనశ్రుతి. ఆ రోగం కలరా అని కొందరూ, ప్లేగు అని కొందరూ చెబుతారు. అప్పయ్య మొక్కును మౌఢ్యమని కొట్టివేయడం సులభమే. కాని డోలీ మోసే కూలీకి ఆనాడు మొక్కు తప్ప మరే దిక్కు ఉండేదో కూడా చెప్పాలి గదా!

నేను నివసించే కార్ఖానా ఈ లష్కరులోదే. పరేడ్ మైదానం దాటి తిరుమలగిరికి పోయే రోడ్డు మీద ఉంది. 1806లో ఏర్పడిన సికిందరాబాదు కంటోన్మెంటు పరిధిలోనిది. ఇక్కడ కాలేజీలో చరిత్ర చెప్పుకుంటూ నేను 2009 నాటి స్వైన్ ఫ్లూను కళ్ళారా చూశాను. ఆ ఏడు జనంలో ఒక విచిత్రమైన స్థితి కనిపించింది. ముక్కుకు రుమాలు కట్టుకున్న మనిషే, ఆ రుమాలు చాటునుంచి, "ఇదంతా మాత్రలమ్ముకునేవాళ్ళ నాటకం సార్" అనేవాడు. భయపడుతున్నాడు, నమ్మడం లేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇమిడినవి? ఇది అజ్ఞానమని సరిపెట్టుకునే మేధావులతో నేను ఏకీభవించలేను. ఈ అనుమానానికి చరిత్ర ఉంది.

1897వ సంవత్సరం దగ్గర మొదలుపెడదాం. ఆ ఆగస్టు 20న మా కార్ఖానాకు కూతవేటు దూరంలో, బేగంపేటలో, సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. విజ్ఞానం సాధించిన గొప్ప విజయాలలో అది ఒకటి. కాని అదే ఏడు ఫిబ్రవరిలో బ్రిటిషు ప్రభుత్వం అంటువ్యాధుల చట్టాన్ని తెచ్చింది. ప్లేగు పేరిట పూణెలో సోల్జర్లు ఇళ్ళలో జొరబడ్డారు, స్త్రీలను వీధిలోకి ఈడ్చారు, సామాన్లు తగలబెట్టారు. జూన్ 22న ప్లేగు అధికారి ర్యాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. కాలం ఒకటే, పాలన ఒకటే. జ్ఞానం ఒక ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద ఉండిపోయింది. ప్రజల గడప దగ్గరకు వచ్చింది మాత్రం తుపాకీ. ఆ రెంటినీ జనం విడదీసి చూడలేకపోయారంటే తప్పు ఎవరిది? ఆ చట్టం స్వాతంత్ర్యం తరువాత కూడా చావలేదు. 2009లో అదే పూణెలో స్వైన్ ఫ్లూకు దానినే బయటికి తీశారు. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ను మన ముసలమ్మలు ఈనాటికీ కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైను అనే మాట వారి నోట అట్లా మిగిలింది. కోరంటికి తీసుకుపోయారంటే ఇక మనిషి తిరిగి రాడేమో అన్న దిగులు ఆ మాటలోనే ఉంది.

1918 మహమ్మారి సంగతి చూడండి. దానికి స్పానిష్ ఫ్లూ అని పేరు రావడమే ఒక అబద్ధం. స్పెయినులో పుట్టిందనడానికి ఆధారం లేదు. యుద్ధంలో ఉన్న దేశాలన్నీ సైన్యం మనోబలం చెడుతుందని పత్రికల నోరు నొక్కాయి. యుద్ధంలో లేని స్పెయిను తన రోగాన్ని, తన రాజుగారి జ్వరాన్ని సైతం, దాచుకోలేదు. నిజం చెప్పినవాడి పేరు రోగానికి అంటించారు. మన దేశంలో అది 1918 జూన్‌లో బొంబాయి రేవులో కనిపించింది. మొదట పడిపోయినవారిలో రేవు కాపలా పోలీసు సిపాయిలున్నారు. సెప్టెంబరులో రెండవ విడత వచ్చింది. యుద్ధ నౌకలు తెచ్చిన దానిని రైళ్ళు లోపలికి మోశాయి. సికిందరాబాదు నుంచి వాడీ మీదుగా బొంబాయి దారికి 1874లోనే రైలు కలిసింది. పటాలాలనూ పత్తినీ మోయడానికి వేసిన రైలుకు జ్వరాన్ని మోయడం ఏమి బరువు?

ఆ ఏడు వానలు ఎగగొట్టాయి. యుద్ధం వల్ల ధరలు అప్పటికే మండుతున్నాయి. తిండి లేని ఒంటి మీద పడిన ఫ్లూ ఇరవై నుంచి నలభై ఏళ్ళ లోపు వాళ్ళను ఎక్కువగా తీసుకుపోయింది. మన దేశంలో మగవారికంటె ఆడవారు ఎక్కువ మంది చనిపోయారు. ఆ ఏటి బొంబాయి నగర లెక్కలలో ఒక పట్టిక ఉంది. వెయ్యి మందికి చనిపోయినవారు యూరోపియనులలో 8.3, పార్సీలలో 9, సవర్ణ హిందువులలో 18.9, ముస్లింలలో 19.2. "తక్కువ కులాల" హిందువులని వాళ్ళు రాసిన వరుసలో 61.6! క్రిమికి కులం తెలియదు. ఒక గదిలో ఎంతమంది పడుకుంటారు, పని మానితే మరునాడు పొయ్యి వెలుగుతుందా, మంచం పడితే గంజి కాచి ఇచ్చే మనిషి ఉన్నదా, ఇవన్నీ క్రిమికంటె ముందే నిర్ణయమై ఉన్నాయి. వైద్యులు మాత్రం ఏం చేయగలరు? ఫ్లూకు కారణం వైరస్ అని తేలింది 1933లో. 1918లో అది ఫైఫర్ కనిపెట్టిన ఒక బాక్టీరియా వల్ల వస్తుందని నమ్మి, దానికి టీకాలు తయారుచేశారు. ఆనాడు టీకాను శంకించిన పామరుడు కారణం తెలియక శంకించినా, టీకా పనికిమాలినదన్న మాట మాత్రం అబద్ధం కాలేదు.

ఎంతమంది పోయారు? నా విషయమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. భారత ప్రభుత్వ శానిటరీ కమిషనరు నార్మన్ వైట్ 1919లో 60 లక్షలన్నాడు. 1951లో కింగ్స్‌లీ డేవిస్ జనాభా లెక్కలను తవ్వి కోటీ 85 లక్షలన్నాడు. ఆ తరువాతివారు కోటీ 40 లక్షల నుంచి కోటీ 80 లక్షల దాకా రకరకాలుగా చెప్పారు. మొదటి లెక్కకూ తరువాతి లెక్కలకూ మధ్య కోటి మంది మనుషులు మాయమయ్యారు! పల్లెలో చావును రాయించవలసినవాడు ఊరి కావలివాడు. కావలివాడే చచ్చిపోతే రాయించేదెవరు? నిజాం రాజ్యంలో 1911లో జనం 1,33,74,676. 1921లో 1,24,71,770. పదేళ్ళలో పెరగవలసిన జనాభా తొమ్మిది లక్షలు తగ్గింది. ఇందులో ప్లేగు వాటా ఉంది, కరువు వాటా ఉంది. ఏ పద్దు ఎంతో విడదీసి చెప్పగల కాగితం లేదు. రాజుల పట్టాభిషేకాలకు తారీఖు, వారం, ఘడియలతో సహా లెక్క ఉన్న దేశమిది.

1957లో వచ్చిన ఆసియా ఫ్లూ సంగతి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. మే నెలలో సింగపూరు నుంచి మద్రాసు రేవుకు వచ్చిన ఓడతో అది దిగింది. మరుసటి ఫిబ్రవరి నాటికి దేశంలో 44 లక్షల పైచిలుకు కేసులు, 1,098 మరణాలు అని ప్రభుత్వ లెక్క. నాలుగువేల మందికి ఒకరు. ఈ లెక్కను నమ్మి, ఫ్లూ అంటే జలుబుకు అన్నగారని మా తరం పెరిగింది.

ఇక 2009. దేశంలో మొట్టమొదటి కేసు మన హైదరాబాదులోనే తేలింది. అమెరికా నుంచి దుబాయి మీదుగా వచ్చిన ఒక యువకుడికి స్వైన్ ఫ్లూ ఉన్నట్టు మే 16న ప్రకటించి, ఎర్రగడ్డ ఛాతీ దవాఖానాలో ఉంచారు. విమానాశ్రయంలో తెల్లని ముసుగులు, టీవీలో రోజంతా అవే బొమ్మలు. ఆగస్టు 3న పూణెలో 14 ఏళ్ళ విద్యార్థిని మరణించగానే దేశమంతా దడ పుట్టింది. మాస్కుల ధరలు పెరిగాయి. కార్ఖానాలో కర్పూరమూ యాలకులూ గుడ్డలో మూటకట్టి పిల్లల మెడలకు వేసిన ఇళ్ళు నాకు తెలుసు. మా తరగతిలో దగ్గిన పిల్లవాడి పక్కన బెంచీ ఖాళీ అయ్యేది.

ఆ భయంలోనే అనుమానం కూడా పెరిగింది. దానికి ఆధారాలూ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్ 11న దీనిని మహమ్మారిగా ప్రకటించింది. అంతకు కొన్ని వారాల ముందే మహమ్మారి నిర్వచనంలో "పెద్ద ఎత్తున మరణాలు" అనే భావం వచ్చే మాటలను తన ప్రచురణ నుంచి తీసివేసింది. సలహా చెప్పిన నిపుణుల సంఘంలో ఎవరున్నారో 2010 ఆగస్టు దాకా బయటపెట్టలేదు. మందులు నిలవ చేసుకోండని 2004లో మార్గదర్శకాలు రాసిన వారిలో కొందరు మందుల కంపెనీల నుంచి పైకం పుచ్చుకున్నవారేనని 2010 జూన్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసింది. రోష్ కంపెనీ టామిఫ్లూను ప్రభుత్వాలు గుట్టలు గుట్టలుగా కొన్నాయి. బ్రిటన్ ఒక్కటే 42 కోట్ల పౌండ్లు తగలేసింది. కంపెనీ దాచిన ప్రయోగ పత్రాలను ఏళ్ళ తరబడి పోరాడి సంపాదించి, కొక్రేన్ పరిశోధకులు 2014లో తేల్చిందేమిటి? పెద్దవాళ్ళలో ఏడు రోజుల బాధను 6.3 రోజులకు తగ్గిస్తుందట. ఆసుపత్రి పాలు కాకుండా కాపాడుతుందనడానికి రుజువు లేదట. మన హైదరాబాదు హెటిరో కంపెనీ కూడా రోష్ అనుమతితో ఆ మందు చేసిందే. "మాత్రలమ్ముకునేవాళ్ళ నాటకం" అన్న మా వీధి మనిషి ఈ పత్రాలేవీ చదవలేదు. సంత మర్మం తెలిసినవాడు కనుక వాసన పట్టాడు.

అయితే ఇక్కడే మన మిత్రులు కొందరు దారి తప్పారు. వ్యాపారం ఉంది కనుక రోగం లేదన్నారు. ప్రజల పక్షం మాట్లాడుతున్నామనుకుని అనేక సభలలో ఈ మాటే చెప్పారు. మందులో మోసం ఉన్నంత మాత్రాన జ్వరం అబద్ధమవుతుందా? బియ్యంలో రాళ్ళు కలిపే వర్తకుడు ఉన్నాడని ఆకలి లేదంటామా? సామ్రాజ్యవాద పెట్టుబడిని శంకించడం అవసరమే. కాని ఆ శంక శవం దాకా పోయి ఆగకపోతే అది ఎవరికి ఉపకారం? ఏమీ చేయకూడదనుకునే ప్రభుత్వానికే.

ప్రపంచమంతటా పరీక్షలో ఖాయమైన మరణాలు సుమారు 18,500. మామూలు ఫ్లూకంటె ఇది ఎక్కువా అని అందరూ నవ్వారు. 2012లో లాన్సెట్ వారి పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం అసలు మరణాలు దీనికి పదిహేను రెట్లు, అంటే రెండు లక్షల 80 వేల పైమాట. అందులో నూటికి 80 మంది 65 ఏళ్ళ లోపువారు. సగం పైగా ఆఫ్రికాలోనూ ఆగ్నేయాసియాలోనూ పోయారు. అంటే పరీక్షా కేంద్రం లేని చోట.

మన దేశంలో ఇది ఎట్లా జరిగిందో చూడండి. 2009 ఆగస్టులో రోగులను ఏ, బి, సి అని మూడు తరగతులు చేశారు. ఏ, బి తరగతుల వారికి పరీక్ష అక్కరలేదు. ఊపిరాడక ఆసుపత్రికి వచ్చిన సి తరగతికే పరీక్ష. ఉన్న కొద్దిపాటి పరికరాలతో అంతకంటె చేయలేమన్నారు. వైద్యం దృష్ట్యా అందులో కొంత న్యాయం ఉంది. కాని లెక్క దృష్ట్యా ఏమైంది? 2009లో 27,236 కేసులు, 981 మరణాలు. 2010లో కేసులు 20,604కు తగ్గాయి, మరణాలు 1,763కు పెరిగాయి. రోగం ఒక్క ఏడాదిలో అంత క్రూరంగా మారిందా, లేక తేలికపాటి జ్వరాలు లెక్కలోంచి జారిపోయాయా? 2015లో మళ్ళీ విరుచుకుపడి 42,592 మందికి సోకింది, 2,990 మందిని చంపింది. అప్పటికి పత్రికలకు అది పాత వార్త. తెలంగాణలో ఆ జనవరి 25న ఆరోగ్యశాఖ చూస్తున్న ఉప ముఖ్యమంత్రి టి. రాజయ్యను పదవి నుంచి తప్పించారు. శాఖలో అవినీతి ఆరోపణలను కారణంగా చెప్పారు. గాంధీ దవాఖానా వార్డులు ఆ సమయంలోనే నిండి ఉన్నాయి.

ఆ చలికాలంలోనే నా విద్యార్థి ఒకడి తండ్రి పోయాడు. ఆటో నడిపేవాడు. 40 ఏళ్ళు దాటలేదు. నాలుగు రోజుల జ్వరంతోనే బండి తోలాడు, కిరాయి కట్టాలి గనుక. అయిదవ రోజు ఊపిరాడక ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళితే మొదట బయానా కట్టమన్నారు. పరీక్షకు నమూనా తీయలేదు. మరునాటికి మనిషి లేడు. ఇచ్చిన కాగితంలో "గుండె, శ్వాస ఆగిపోవుట" అని రాశారు. గుండె, శ్వాస ఆగకుండా ఎవరు చస్తారు? ఆ పిల్లవాడు కాగితం నాకు చూపించి, "స్వైన్ ఫ్లూయేనా సార్?" అని అడిగాడు. వాడి తల్లికి మాత్రం ఆ పేరు పలకడమే ఇష్టం లేదు. పేరు బయటపడితే వీధిలో నీళ్ళ పంపు దగ్గరికి రానివ్వరేమోనని ఆమె భయం. 2,990 మందిలో ఆయన లేడు. పరీక్ష లేదు కనుక ఉండే వీలు లేదు.

2020లో వచ్చినది ఫ్లూ కాదు, వేరే వైరస్. కాని తంతు అదే. ఆ మార్చి నెలలో మన శాసనసభలో ముఖ్యమంత్రి పారాసిటమాల్ చాలన్నారు. నెల తిరగకుండా గాంధీ దవాఖానా మొత్తం దానికే కేటాయించవలసి వచ్చింది. 2020, 2021లలో ఇండియాలో 4 లక్షల 80 వేల మంది చనిపోయారని కేంద్రం చెబితే, అదనపు మరణాలు 47 లక్షలని 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. కేంద్రం ఆ పద్ధతినే ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం దాని హక్కే ననుకుందాం. అయితే ఊరూరా చావుల రిజిస్టరు తెరిచి చూపవలసిన బాధ్యత కూడా దానిదే.

ఆ రిజిస్టరు స్థితి ఇది. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. చావుకు కారణాన్ని వైద్యుడు రాసి ఇవ్వడానికి ప్రత్యేకమైన ఫారం ఉంది. 2020 సంవత్సరానికి ప్రభుత్వమే వెలువరించిన నివేదిక ప్రకారం, నమోదైన మరణాలలో వైద్యుడు కారణం ధ్రువపరిచినవి నూటికి 22.5. తక్కిన 77 మంది ఏ జ్వరంతో పోయారో, ఏ పురుగుమందుతో పోయారో, ఏ పస్తుతో పోయారో రాసిన కాగితం లేదు. ఆ 22 మందిలో కూడా "గుండె, శ్వాస ఆగిపోవుట" అని రాసినవి ఎన్నో విప్పి చూడాలి. విద్యార్థి సంఘాల మిత్రులు సెలవుల్లో చేయదగిన పని ఇది: తమ వాడలో గత చలికాలం పోయినవారి ఇళ్ళకు వెళ్ళి, ఎన్నాళ్ళు జ్వరం, ఎక్కడికి తీసుకుపోయారు, ఎంత ఖర్చయింది, కాగితం మీద ఏమి రాసి ఇచ్చారు అని అడిగి రాసుకు రావడం. కార్ఖానాలో మేము 14 ఇళ్ళతో మొదలుపెట్టాము. అందులో తొమ్మిది ఇళ్ళలో అసలు కాగితమే లేదు.