అరవై వేల డాలర్ల అడవి

అరబికా కాఫీ పువ్వు తన పుప్పొడితోనే కాయ కట్టగలదు. అందుచేత కాఫీ దిగుబడి లెక్కల్లో తేనెటీగలకు చాలాకాలం చోటు దక్కలేదు. పనామాలో తేనెటీగల రాకతో దిగుబడి 50 శాతానికి పైగా పెరుగుతున్నదని 2002లో డేవిడ్ రూబిక్ నేచర్ పత్రికలో చూపాక ఆ ధీమా సడలింది.

పొరుగునే ఉన్న కోస్టారికాలో టేలర్ రికెట్స్, గ్రెచెన్ డైలీ, పాల్ ఎర్లిక్, చార్ల్స్ మిచెనర్ మరో ప్రశ్న వేశారు: ఆ తేనెటీగలను పోషిస్తున్నది ఎవరు? ఫింకా శాంటా ఫే అనే కాఫీ తోట దగ్గర 46, 111 హెక్టార్ల అడవి తునకలు రెండున్నాయి. అడవికి వేర్వేరు దూరాల్లోని మొక్కలను ఎంచుకొని, కొన్ని పూలకు చేత్తో పుప్పొడి అద్ది, మిగిలినవాటిని కీటకాలకే వదిలారు. అడవికి సుమారు కిలోమీటరు లోపు దిగుబడి 20 శాతం ఎక్కువగా, ఒంటిగింజ కాయలు 27 శాతం తక్కువగా తేలాయి. (పీబెర్రీ పేరుతో ఎక్కువ ధరకు మనం కొనుక్కునే ఆ ఒంటిగింజ, తోటలో లోపం కిందే లెక్క.) 2000-2003 మధ్య ఆ రెండు తునకలూ తోటకు ఏటా సుమారు 60,000 డాలర్లు సమకూర్చాయని 2004లో ప్రకటించారు.

అడవిని కాపాడమనేవారికి ఇంతకన్నా పనికొచ్చే అంకె దొరకదు. అయితే 2006లో డగ్లస్ మెకాలీ, అదే నేచర్‌లో, తరువాతి కథ చెప్పాడు. అధ్యయనం ముగిసిన కొద్దికాలానికే, కాఫీ ధరలు పడిపోయిన ఆ రోజుల్లో, శాంటా ఫేలో కాఫీ తీసేసి అనాస వేశారు. అనాసకు తేనెటీగలతో పనిలేదు. అడవి అదే, తేనెటీగలూ అవే. 60,000 మాత్రం సున్నా అయింది. రికెట్స్ బృందం లెక్క తప్పలేదు. ఒక పంటకు, ఒక కాలపు ధరకు కట్టిన ఆ విలువను అడవి మొత్తం విలువగా చదవడమే పొరపాటు.

కాఫీ మిగిలిన తోటల్లో అడవికి మరో పని ఉన్నదని 2013లో డేనియల్ కార్ప్, డైలీ తదితరులు చూపారు. కాయ తొలిచే పురుగు నువ్వుగింజకన్నా చిన్నది. ఒకసారి గింజలోకి దూరాక దానికి మందు తగలడం కష్టం. కోస్టారికాలోనే మొక్కలకు వలలు కప్పి, పక్షులను రానీయకుండా చేసి పోల్చితే, పక్షులు ఆ బెడదను దాదాపు సగానికి తగ్గిస్తున్నాయని తేలింది. ఏ పక్షి ఆ పురుగును తింటున్నదో రెట్టలోని డీఎన్‌ఏ చెప్పింది. చుట్టూ అడవి ఎక్కువున్న తోటల్లోనే అలాంటి పక్షులూ ఎక్కువ. తప్పిన నష్టం హెక్టారుకు ఏటా 75 నుంచి 310 డాలర్లు.

భారతదేశంలో ఈ పురుగు 1990లో నీలగిరుల్లోని గూడలూరు ప్రాంతంలో తొలిసారి బయటపడింది. 2025లో అరకు లోయలోనూ కనిపించింది. అరకు కాఫీకి నీడ ఉంది. ఆ నీడలో పెద్ద వాటా సిల్వర్ ఓక్‌ది, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టుది. వరుసగా నాటిన ఒకే జాతి చెట్లను పురుగు తినే పక్షులు అడవిగా ఎంచుతాయా అన్నది అరకులోనే, అక్కడి మొక్కలపై వలలు కప్పి, తేల్చుకోవలసిన ప్రశ్న.