రవివర్మ చిత్రంలో కానరాని తండ్రి

రాజా రవివర్మ (1848–1906) పేరు వినగానే తెలుగువారికి స్ఫురించేవి పూజామందిరాలలో పటాలుగా వెలసిన లక్ష్మీ సరస్వతులు, హంసతో సంభాషించే దమయంతి. అయితే ఆయన తన ఇంటివారిని సైతం చిత్రవస్తువుగా స్వీకరించాడు. అటువంటి రచనలలో 1893 నాటి ‘అదిగో, నాన్న వస్తున్నారు’ అనే తైలవర్ణచిత్రం ప్రత్యేకంగా పేర్కొనదగినది.

కేరళీయుల తెల్లని వస్త్రాలు ధరించి, బిడ్డను ఎత్తుకొని నిలిచిన యువతి చిత్రకారుని పెద్దకుమార్తె మహాప్రభ. బిడ్డ ఆమె కుమారుడు. చెంత పెంపుడు కుక్క ఉన్నది. వస్తున్న తండ్రి మాత్రం చిత్రంలో లేడు. ఆయన రాక తల్లి చూపులోనే తెలుస్తుంది.

పరదేశి ప్రేక్షకునికి ఇది తండ్రి రాకకై ఎదురుచూసే సంసారం. కేరళ సామాజిక చరిత్ర తెలిసినవారికి ఇందులో మరొక అర్థం గోచరిస్తుంది. మరుమక్కత్తాయమనే మాతృవంశ వ్యవస్థలో సంతానం తల్లి ఇంటికే చెందేది; పెత్తనం పెద్ద మేనమామది. తండ్రి ఆత్మీయుడే కాని గృహయజమాని కాడు. రవివర్మ జీవితమే ఇందుకు నిదర్శనం. ఆయన మాతృగృహమైన కిళిమానూరులో పెరిగాడు; చిత్రలేఖనంలో తొలి గురువు మేనమామ రాజరాజవర్మ. భార్య మావెలిక్కర రాజవంశీయురాలు కావడంచేత ఆయన కుమార్తెలు మావెలిక్కరవారే అయినారు. అందుచేత తన కుటుంబాన్ని చిత్రించిన తండ్రి, వంశాచారం ప్రకారం ఆ ఇంటివాడు కాడు.

ఆ దశాబ్దంలోనే ఈ వ్యవస్థ తీవ్రవిచారణకు గురైంది. చందు మేనోన్ నవల ‘ఇందులేఖ’ 1889లో వెలువడింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని మలబారులో వివాహ సంబంధాల పరిశీలనకు 1891లో సంఘం ఏర్పడింది. 1896లో వివాహచట్టం వచ్చింది. ఆ చట్టం కింద వివాహాలను నమోదు చేసుకొన్నవారు బహుకొద్దిమంది. శాసనం మారినంత త్వరగా ఆచారం మారలేదు.

1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనకు రవివర్మ పంపిన పది చిత్రాలలో ఇదొకటి. ఆంగ్ల నామంలోని ‘పాపా’ అనే మాట పాశ్చాత్యులకు చిరపరిచితమైన కుటుంబాన్ని స్ఫురింపజేస్తుంది. కన్పించని తండ్రి మాతృగృహానికి వచ్చే అతిథిని తలపిస్తాడు. చిత్రకారుడు సంస్కరణను ప్రబోధించాడని గాని, ఆచారాన్ని సమర్థించాడని గాని చెప్పడానికి చిత్రంలో ఆధారం లేదు. మారుతున్న ఇంటిని ఉన్నది ఉన్నట్లు చూపడమే ఆయన చేసిన పని.

మాతృవంశ ఉమ్మడికుటుంబ వ్యవస్థను కేరళ శాసనసభ 1975 నాటి చట్టంతో రద్దుచేసింది. చట్టాలు, కోర్టు తీర్పులు ఆ వ్యవస్థలోని హక్కులను మాత్రమే తెలుపుతాయి. ఆ ఇండ్లలో తండ్రి కోసం ఎదురుచూచిన చూపు ఎటువంటిదో ఈ చిత్రం తెలుపుతుంది.