అమ్మోనియా నుంచి ప్రొపేన్ దాకా: పశ్చిమ కృష్ణాలో ఫ్రిజ్ మెకానిక్కుల చదువు

కృష్ణా జిల్లా పశ్చిమ మెట్టలో శీతలీకరణ యంత్రాల పనికి తొలి బడులు ఐసు ఫ్యాక్టరీలు, పాల చిల్లింగ్ కేంద్రాలు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చిన ఈ ప్రాంతంలో నందిగామ, జగ్గయ్యపేట వైపు మిర్చి, పత్తి పండుతాయి. రెడ్డిగూడెం, మైలవరం వైపు మామిడి తోటలు. పంటను బట్టి చల్లదనం అవసరం మారుతుంది. ఎండుమిర్చికి ధర లేని ఏడాది నెలల తరబడి దాచుకునే చోటు కావాలి. పాలకు పితికిన పూటే చల్లదనం అందాలి. మామిడి కొద్ది రోజులు ఆగితే చాలు. అయితే చల్లదనం 13 డిగ్రీల సెల్సియస్ కంటే బాగా కిందికి దిగితే కాయ తొక్క నల్లబడుతుంది, పండినా రుచి ఉండదు.

1960ల చివర్లో యునిసెఫ్ సాయంతో విజయవాడలో పాల ఉత్పత్తుల కర్మాగారం వెలిసింది. ఊళ్ళలో సేకరించిన పాలు అక్కడికి చేరేలోపు విరిగిపోకుండా దారిలో చిల్లింగ్ కేంద్రాలు కావలసి వచ్చాయి. 1974లో రాష్ట్ర పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడ్డాక ఆ ఏర్పాటు ఇంకా విస్తరించింది. పాలకైనా, ఐసుకైనా, మిర్చికైనా పెద్ద ఎత్తున చల్లదనం కావాలంటే అప్పట్లో వాడినది ప్రధానంగా అమ్మోనియా యంత్రమే.

అమ్మోనియా చవక, చల్లబరచడంలో దిట్ట. దాని దగ్గర రాగి నిలవదు కాబట్టి పైపులన్నీ ఇనుమువే. కాస్త లీకైనా ఘాటు ముక్కుకు తగులుతుంది. ఎక్కువైతే కళ్ళు మండి ఊపిరాడదు, ప్రాణానికే ముప్పు. లీకు ఎక్కడుందో పట్టడానికి గంధకం వత్తి వెలిగించి పైపు వెంబడి జరుపుకుంటూ వెళ్ళేవారు. వాయువు బయటికొచ్చే చోట తెల్లటి పొగ కమ్ముకునేది. ఏ వాల్వు ముందు కట్టెయ్యాలి, గాలి ఎటు వీస్తుంటే ఎటు పరిగెత్తాలి అన్నది పాత ఆపరేటర్ పక్కన రెండు మూడు సీజన్లు నిలబడితేనే వంటపట్టేది. ఈ చదువుకు పుస్తకం, పరీక్ష లేకపోయినా క్రమశిక్షణకు లోటుండేది కాదు. తప్పు చేసినవాడికి శిక్ష అక్కడికక్కడే పడేది మరి.

ఆ భయాన్ని తీసేసిన వాయువు 1928లో అమెరికాలో పుట్టింది. జనరల్ మోటార్స్ కోసం థామస్ మిడ్జ్‌లీ బృందం రూపొందించిన సీఎఫ్‌సీ-12కు వాసన లేదు, మంట అంటదు, మామూలు మోతాదులో విషమూ కాదు. మెకానిక్కుల నోట అది ఆర్-12 అయింది, ఇంకా మామూలుగా ఫ్రియాన్ అయింది. ఇంట్లో పెట్టుకోదగిన ఫ్రిజ్ ఊరూరా చేరడానికి ఈ వాయువు బాట వేసింది. తెలుగువాళ్ళకు ఫ్రిజ్ అంటే చాలాకాలం ఆల్విన్. 1942లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి భాగస్వామ్యంతో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ బస్సుల బాడీలు, బీరువాల నుంచి గడియారాల దాకా చాలా చేసింది గానీ, ఇళ్లలో ఎక్కువగా గుర్తుండిపోయింది దాని ఫ్రిజ్‌తోనే. 1979లో ఇబ్రహీంపట్నంలో థర్మల్ విద్యుత్ కేంద్రం తొలి యూనిట్ నడక మొదలైంది. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో పశ్చిమ కృష్ణా చిన్న పట్టణాల్లో కూల్‌డ్రింకు షాపుకూ, మందుల దుకాణానికీ, కాస్త కలిగిన ఇళ్లకూ ఫ్రిజ్ చేరింది. దాని వెంటే మెకానిక్ కొట్టూ వచ్చింది.

ఆ కొట్టే బడి. ఫ్రిజ్‌లు మోయడం, పైపులు పట్టుకోవడం, టీ తేవడంతో మొదలుపెట్టిన కుర్రాడు ఏడాది గడిచేసరికి గ్యాస్ వెల్డింగ్ నేర్చేవాడు. తర్వాత కేపిలరీ అనే సన్నని గొట్టం మార్చడం, చివరికి గ్యాస్ పట్టడం. మోటారు బోర్ల తాకిడికి వోల్టేజీ పడిపోయే పల్లెల్లో కంప్రెసర్లు తరచూ కాలిపోయేవి. మూసిన ఇనుప డబ్బాను కోసి, లోపలి మోటారుకు కొత్త వైండింగ్ చుట్టి, మళ్ళీ అతికించి నడిపించేవారు. కంపెనీ ఇంజనీరు పారెయ్యమనే భాగాన్ని బతికించిన నైపుణ్యం అది, దాన్ని తక్కువ చేసి చూడకూడదు.

ప్రభుత్వ చదువు వేరే దారిలో నడిచింది. దేశంలో ఐటీఐల శిక్షణ పథకం 1950లో మొదలైంది, జాతీయ స్థాయిలో దానికి ధ్రువపత్రాలిచ్చే మండలి 1956లో ఏర్పడింది. శీతలీకరణ, ఎయిర్ కండిషనింగ్ మెకానిక్ కోర్సు రెండేళ్లు. అది పూర్తిచేసిన కుర్రవాడు పెద్ద కంపెనీకో, రైల్వేకో, డెయిరీకో వెళ్ళేవాడు. బజారు కొట్టులో పనిచేసేవాడికి సర్టిఫికెట్ ఉందా అని ఖాతాదారు అడగలేదు, చట్టమూ అడగలేదు.

ఆర్-12 నిరపాయకరమన్న పేరే మెకానిక్ చేతిని అజాగ్రత్తకు అలవాటు చేసింది. రిపేరుకు వచ్చిన ఫ్రిజ్‌లో మిగిలిన గ్యాసును వాల్వు తిప్పి గాల్లోకి వదిలేసేవారు. లోపలి మసిని కార్బన్ టెట్రాక్లోరైడుతో కడిగేవారు. లీకు కోసం హాలైడ్ టార్చి పట్టుకుంటే, వాయువు తగిలిన చోట మంట ఆకుపచ్చగా మారేది. వెనక్కి వచ్చే పైపు ఎంతవరకు మంచు పట్టిందో చేత్తో తడిమి గ్యాస్ సరిపోయిందని తేల్చేవారు. ఆ అంచనా చాలాసార్లు సరిగ్గానే ఉండేది, అందుకే తూకం వేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఇలా వదిలేసిన వాయువు ఏమవుతుందో 1974లో మారియో మొలీనా, షేర్‌వుడ్ రోలాండ్ చెప్పారు. అది ఏళ్ల తరబడి చెడకుండా పైకి చేరి, అక్కడ క్లోరిన్‌గా విడిపోయి ఓజోన్‌ను తింటుంది. 1985లో అంటార్కిటికాపై ఓజోన్ పొర పలచబడడాన్ని బ్రిటిష్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. 1987 సెప్టెంబరు 16న ఇలాంటి వాయువులను అదుపు చేసే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. పాపం ధనిక దేశాలది, ఖర్చు మాది ఎందుకన్నది భారత్ వాదన. 1990 లండన్ సమావేశంలో పర్యావరణ మంత్రి మేనకా గాంధీ ఆ మాట గట్టిగా వినిపించారు. వర్ధమాన దేశాల ఖర్చుకు నిధి ఏర్పాటైంది, 1992లో భారత్ ఒప్పందంలో చేరింది. 2000 జూలైలో ఓజోన్‌ను హరించే పదార్థాల నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 2008 ఆగస్టు నాటికి, ఉబ్బసం ఇన్‌హేలర్లకు తప్ప, దేశంలో సీఎఫ్‌సీల తయారీ ఆగిపోయింది. ఒప్పందం గడువు 2010 జనవరి 1.

ఫ్యాక్టరీలో వాయువు మార్చడం సులువు, అక్కడ గేట్లున్నాయి, లెక్కలున్నాయి. చిక్కంతా బజారు కొట్టులో. స్విట్జర్లాండ్ సాయంతో 1998లో మొదలైన హైడెకోర్ అనే పథకం ఈ చిన్న కొట్ల మెకానిక్కులనే లక్ష్యంగా పెట్టుకుంది. 2004లో ఆమోదం పొందిన జాతీయ సీఎఫ్‌సీ తొలగింపు ప్రణాళిక దాన్ని దేశమంతటికీ విస్తరించింది. ఐటీఐలూ పాలిటెక్నిక్‌లూ వేదికలుగా స్వల్పకాలిక శిబిరాలు పెట్టారు. గ్యాసును గాల్లోకి వదలకుండా సిలిండర్లోకి లాగడం, కార్బన్ టెట్రాక్లోరైడు బదులు నైట్రోజన్‌తో శుభ్రం చేయడం, పంపుతో లోపలి గాలిని పూర్తిగా తీసేయడం, గ్యాసును తూకం వేసి నింపడం అక్కడి పాఠాలు. ఆర్-12 స్థానంలోకి వచ్చిన ఆర్-134ఏ ఈ పాఠాలను తప్పనిసరి చేసింది. దానికి పాత మినరల్ ఆయిల్ పడదు. దానికి పడే ఎస్టర్ ఆయిల్ గాలిలో తేమను ఇట్టే పీల్చుకుంటుంది. పాత పద్ధతిలో మూత తెరిచి పెట్టి టీకి వెళ్ళొస్తే కంప్రెసర్ చెడినట్టే.

శిబిరంలో విన్నవాడు తిరిగొచ్చి చేసేదెంత అన్నదే అసలు ప్రశ్న. గ్యాస్ లాగే యంత్రం, మంచి వాక్యూమ్ పంపు, డిజిటల్ తూకం కొంటే చిన్న కొట్టుకు చాలా నెలల రాబడి పోతుంది. లాగి దాచిన పాత గ్యాసుకు మండల కేంద్రంలో కొనేవాడు లేడు. అందుకే వదిలేయడం తప్పని తెలిసీ వదిలేసిన చేతులు తక్కువేం కావు. వారిని అజ్ఞానులనడం అన్యాయం. పాఠం అందినా పనిముట్టు అందలేదు.

ఏసీల్లో ఉన్న ఆర్-22 వంతు తర్వాత వచ్చింది. అది హెచ్‌సీఎఫ్‌సీ వర్గానిది, ఓజోన్‌కు హాని తక్కువే గానీ లేకపోలేదు. 2013లో దాని వాడకాన్ని స్తంభింపజేశారు, 2030 నాటికి దాదాపు పూర్తిగా మానుకోవాలి. దాని బదులు వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌ను ముట్టదు, కానీ ఆర్-22 కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఒత్తిడితో పనిచేస్తుంది; పాత గేజీలు, పాత గొట్టాలు దానికి చాలవు. పైగా అది కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే 2,088 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. భూతాప శక్తి అనే ఆ లెక్క ఆర్-134ఏకి 1,430. ఓజోన్‌ను కాపాడబోయి భూతాపాన్ని పెంచుతున్నామని గుర్తించిన దేశాలు 2016 అక్టోబరు 15న రువాండాలోని కిగాలీలో మరో సవరణ చేసుకున్నాయి. భారత్ దాన్ని 2021 సెప్టెంబరులో ధ్రువీకరించింది. ఆ ప్రకారం ఇక్కడ ఈ రెండు వాయువులు చెందిన హెచ్‌ఎఫ్‌సీల వాడకం 2028లో స్తంభించాలి, 2032లో 10 శాతంతో మొదలై 2047 నాటికి 85 శాతం తగ్గాలి.

దీంతో మండే వాయువులు కొట్టులోకి వచ్చాయి. కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే ఆర్-600ఏ ఐసోబ్యూటేన్, అంటే వంట గ్యాసుకు దగ్గరి చుట్టం. గోద్రెజ్ 2012లో తెచ్చిన ఏసీలో ఉన్న ఆర్-290 ప్రొపేన్. వీటి భూతాప శక్తి 5 కంటే తక్కువ. చాలా ఏసీల్లో వాడే ఆర్-32ది 675, అది నిదానంగా మండే రకం. శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ వంటి కంపెనీల ఏసీ కర్మాగారాలు వచ్చాక ఈ తరం యంత్రాలు ఆంధ్రప్రదేశ్‌లోనే తయారవుతున్నాయి. ఇంటి ఫ్రిజ్‌లో ఐసోబ్యూటేన్ 150 గ్రాములు దాటకూడదు. ఆర్-12తో పోలిస్తే సగం కంటే తక్కువ బరువే సరిపోతుంది, కాబట్టి చేతి అంచనా పనికిరాదు. గాలికంటే బరువైన ఆ వాయువు తలుపులు మూసిన గదిలో నేలమీద పేరుకుంటుంది. లోపల గ్యాసుండగా టార్చి వెలిగించడం నిషిద్ధం. మొదట గాలి ఆడే చోటికి తెచ్చి, గ్యాసును తీసేసి, నైట్రోజన్ పోసి, ఆ తర్వాతే అతుకు వేయాలి. లేదా మంటే లేకుండా బిగించే అతుకులు వాడాలి. ఆర్-12 కాలంలో మెకానిక్ తప్పు ఎక్కడో ఆకాశంలో నమోదయ్యేది. ఇప్పుడది అతని చేతుల దగ్గరే పేలవచ్చు. అమ్మోనియా ఆపరేటర్‌కు పనితోనే అబ్బిన జాగ్రత్తను ఫ్రియాన్ తరం మెకానిక్ పాఠంగా నేర్చుకోవాల్సి వచ్చింది.

సర్టిఫికెట్ మాట బలంగా వినిపించింది ఈ దశలోనే. అమెరికాలో 1994 నవంబరు నుంచి పరీక్ష పాసు కానివారు శీతలీకరణ వాయువులతో పనిచేయకూడదు; ఐరోపా 2006 చట్టంతో ఆ బాట పట్టింది. భారత్‌లో 2018లో పర్యావరణ శాఖ, ఎలక్ట్రానిక్స్ నైపుణ్య మండలి కలిసి లక్ష మంది మెకానిక్కులకు నైపుణ్య శిక్షణ, ధ్రువీకరణ అందించే ఒప్పందం చేసుకున్నాయి. 2019 మార్చిలో విడుదలైన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక అదే లక్ష్యాన్ని 2022-23కు నిర్దేశించింది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద, బడి మెట్లెక్కకుండానే పని నేర్చినవాడికి ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తింపునిచ్చే పద్ధతి ఇందులో ఉంది. పశ్చిమ కృష్ణాలాంటి చోట్లకు అది సరిగ్గా నప్పే ఏర్పాటు, ఇక్కడి మెకానిక్కుల్లో చాలామంది కొట్టులో నేర్చినవారే కాబట్టి. అయితే సర్టిఫికెట్ లేనివాడికి గ్యాస్ సిలిండర్ అమ్మకూడదన్న నియమం దేశంలో లేదు. అది వచ్చేవరకు ధ్రువపత్రం కంపెనీ సర్వీసు సెంటర్లో ఉద్యోగానికి పనికొస్తుంది, కొట్టు నడపడానికి అవసరం పడదు.

ఈ ధ్రువపత్రాల చట్రం బయట మిగిలిపోయినవాళ్ళు ఐసు ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలు అనే ఆ తొలి బడుల వారసులే. భూతాప శక్తి సున్నా కావడంతో అమ్మోనియా ఇప్పుడు పర్యావరణ హితమైన వాయువుల జాబితాలో ముందుంది. మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆపరేటర్ కొత్త వాయువుకు మారనక్కర్లేదు. కానీ ఏసీ, ఫ్రిజ్ సర్వీసింగ్ చుట్టూ రాసిన పాఠ్యాంశాల్లో అతని పని ఇమడదు. అతని చదువు నేటికీ పాత ఆపరేటర్ పక్కన నిలబడడమే. మామిడి వైపు పరిస్థితి వేరు. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషిద్ధం కాబట్టి ఇథిలీన్ వాయువుతో మగ్గబెట్టే చాంబర్ల అవసరం పెరిగింది. వాటిలో ఉష్ణోగ్రత అదుపు తప్పితే సరుకు పాడవుతుంది, చిన్న యంత్రాలు కాబట్టి అవి ఏసీ మెకానిక్ చేతికే వస్తాయి.

పాత యంత్రాలూ ఇప్పట్లో పోవు. 2030 తర్వాత కూడా 2040 దాకా మరమ్మతుల కోసం కొద్దిపాటి ఆర్-22కు ఒప్పందం అనుమతిస్తుంది. అప్పటిదాకా నందిగామలోనో మైలవరంలోనో ఒకే కొట్టులో ఆర్-22 ఏసీ, ఆర్-134ఏ ఫ్రిజ్, ఆర్-32 ఏసీ, ఐసోబ్యూటేన్ ఫ్రిజ్ పక్కపక్కనే రిపేరుకు వస్తాయి. ఒక్కోదానికి నూనె వేరు, ఒత్తిడి వేరు, మంట గుణం వేరు. ఒకదాని సిలిండర్ మరోదానికి తగిలిస్తే ఏమవుతుందో నేర్పడం ఇప్పటి శిక్షణకు తప్పదు.