అయోనా దీవి చర్చి, దాని సమాధిభూములు

స్కాట్లండు పశ్చిమతీరమున, మల్ అను పెద్ద దీవి చెంత, అయోనా యను చిన్న దీవి కలదు. దాని పొడవు సుమారు 3 మైళ్లు. క్రీ. శ. 563లో కొలంబా యను సన్న్యాసి జన్మభూమియగు ఐర్లండును వీడి, కొలదిమంది శిష్యులతో ఇచ్చట దిగి మఠము స్థాపించెను. పరదేశమున నాటిన ఆ మొక్కయే ఉత్తర బ్రిటనునకు క్రైస్తవమతమును, విద్యను పంచిన మహావృక్షమయ్యెను.

795 మొదలు నార్వే ఓడదొంగలు దీవిపై బడిరి. 806లో 68 మంది మఠవాసులు హతులైరి. పెక్కుమంది ఐర్లండులోని కెల్సునకు తరలిపోయిరి. అయినను అయోనా పాడుపడలేదు. 1200 ప్రాంతమున, సోమర్లెడ్ కుమారుడగు రానల్డు బెనిడిక్టు సంప్రదాయపు మఠమును నెలకొల్పగా రాతి చర్చి లేచెను. స్త్రీలకై వేరొక మఠము వెలసెను. అతని సోదరి బెథోక్ దానికి తొలి అధ్యక్షురాలు. స్త్రీలను ఆ మఠము చెంతనే ఖననము చేయుట ఆచారమయ్యెను.

ప్రధాన సమాధిభూమి చర్చికి సమీపముననున్న రెయిలిగ్ ఓరన్. రేవునుండి శవములను మోసికొనివచ్చిన రాతిబాటను నేటికిని ‘మృతుల వీధి’ యందురు. 1549లో ఈ దీవులను చూచిన డొనాల్డు మన్రో యను మతాచార్యుడు, ఇచ్చట స్కాట్లండు రాజులు 48 మంది, నార్వే రాజులు 8 మంది, ఐర్లండు రాజులు 4 గురు ఖననమైరని వ్రాసెను. షేక్స్పియరు ‘మాక్బెత్’ నాటకమున డంకన్ రాజు శవమును చేర్చినదియు ఈ దీవికే. కాని ఆ అరువదిమందిలో ఒక్కరి సమాధినైనను నేడు గుర్తింప వీలుకాదు. ఆ సంఖ్యనే చరిత్రకారులు సందేహింతురు.

మరి మిగిలినదేమి? కత్తులు, ఓడలు, లతలు చెక్కిన సామంతుల సమాధి ఫలకములు. 1543లో మరణించిన మఠాధ్యక్షురాలు అన్నా మక్లీన్ ఫలకము. విరిగినను అందామె రూపము, ఇరుప్రక్కల పెంపుడుకుక్కలు, లాటిన్ అక్షరములు కాననగును.

1560 నాటి మతసంస్కరణతో మఠజీవనము అంతరించి, కట్టడములు శిథిలములయ్యెను. 1899లో ఆర్గైల్ ప్రభువు వానిని ఒక ధర్మకర్తృసంఘమున కప్పగించెను. 1910 నాటికి చర్చికి మరల కప్పు అమరెను. వానలకు అరిగిపోవుచున్న ఫలకములు పెక్కింటిని లోనికి చేర్చి భద్రపరచిరి.

రాజుల కీర్తి వినికిడిగా మిగిలెను. శిలపై పేరు నిలిచిన సన్న్యాసిని నేటికిని పలుకుచున్నది. పరప్రాంతములందు తరతరములుగా స్థిరపడిన మనకు ఇందొక హెచ్చరిక కలదు. మన పూర్వులు వేయించిన శిలలను, వ్రాసియుంచిన వంశావళులను, మన యిండ్లలో తెలుగు లిపి చదువగలవారు ఉండగనే నకలు తీసి దాచుకొందము.