కాళేశ్వరం అవతలి ఒడ్డున సొర పళ్లు

జనగామ కూరగాయల అంగట్లో ‘సొర’ అంటే కాయ తూచి ఇస్తారు. మహబూబాబాద్ చేపల బుట్టల్లో కొర్రమీను, బొచ్చె, రవ్వ ఉంటాయి. సముద్రపు సొర మన దాకా వచ్చేది టీవీలోనే.

అలా వచ్చినవాటిలో ఒకదాన్ని మర్చిపోలేం. 2007 జనవరిలో జపాన్‌లోని అవాషిమా దగ్గర జాలర్లకు పాములాంటి చేప, నోటినిండా సూదులతో, నీటి పైభాగాన కనిపించింది. అక్కడి మెరైన్ పార్కువాళ్లు పట్టుకున్నారు. పొడవు 1.6 మీటర్లు. కొన్ని గంటల్లోనే చచ్చిపోయింది. ఆలోపు తీసిన వీడియో చూసి ప్రపంచం నోరు వెళ్లబెట్టింది. అది ఫ్రిల్డ్ షార్క్. వందల మీటర్ల లోతున బతికే జీవి, మొప్పల అంచులు కుచ్చుల్లా వేలాడతాయి. పత్రికలు దాన్ని ‘బతికున్న శిలాజం’ అన్నాయి.

ఆ మాట వెనక పాత తగాదా ఉంది. 1884లో అమెరికా జంతుశాస్త్రవేత్త శామ్యూల్ గార్మన్ ఈ చేపకు శాస్త్రీయ నామం పెట్టాడు. అదే ఏడాది ఎడ్వర్డ్ కోప్, ఇది ఎప్పుడో అంతరించిన జెనకాంత్ సొరల జాతిదే అన్నాడు. తోటి శాస్త్రవేత్త థియోడర్ గిల్ ఒప్పుకోలేదు. కోప్ తడబాటుకు కారణం లేకపోలేదు: రెండింటిదీ పాము ఒళ్లే, రెండింటి పళ్లకూ మూడేసి మొనలు. చివరికి గిల్ మాటే నిలిచింది. ఫ్రిల్డ్ షార్క్ దారి వేరు.

మరి అసలు జెనకాంత్‌లు? వాటిని చూడ్డానికి జపాన్ పోనక్కర్లేదు. తల వెనక పొడుగాటి ముల్లుతో మంచినీళ్లలో ఈదిన ఆ సొరల పళ్లు పాత ఆదిలాబాద్ జిల్లా మాలేరి ఎర్రమట్టి పొరల్లో దొరికాయి. వయసు 20 కోట్ల ఏళ్లు పైమాటే. 1980లో వాటిని వర్ణించింది కలకత్తాలోని భారత గణాంక సంస్థకు చెందిన ఎస్.ఎల్. జైన్. లెక్కల సంస్థకు ఎముకలతో పనేమిటంటారా? ఆ సంస్థ స్థాపకుడు మహలనోబిస్ పిలవగా వచ్చిన శిలాజ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ 1950ల చివర్లో అక్కడ ఆ పనికి పునాది వేసింది.

ఇంకా దగ్గరికి రండి. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరొంచ, దాని పైన కోట అనే ఊరు. ఆ ఊరి పేరే పెట్టుకున్న సున్నపురాయి, మట్టి పొరల్లో డైనోసార్ల ఎముకలతోపాటు హైబోడాంట్ అనే మరో తెగ సొరల పళ్లున్నాయి. భారత భూగర్భ సర్వేకు చెందిన పి. యాదగిరి వాటిని వర్ణించారు. ఆ పొరలు ఏర్పడేనాటికే జెనకాంత్‌లు పోయాయి. హైబోడాంట్‌లు మాత్రం డైనోసార్లు పోయే కాలం దాకా ఉన్నాయి.

పళ్లే ఎందుకు మిగిలాయంటే, సొరకు ఎముక ఉండదు, మెత్తటి మృదులాస్థి కుళ్లిపోతుంది. పళ్లు జీవితాంతం ఊడుతూ, మళ్లీ మొలుస్తూ ఉంటాయి. జనగామ గుట్టల్లో మాత్రం వెతకొద్దు. అది గ్రానైటు, ప్రాణులకు సంబంధించిన ఆనవాళ్లు అందులో ఉండవు.

కోట మట్టిని బస్తాల్లో తెచ్చి, నీళ్లలో నానబెట్టి, సన్నటి జల్లెళ్లలో కడుగుతారు. మిగిలిన గులకను సూక్ష్మదర్శిని కింద పోసి సన్నటి కుంచె మొనతో ఒక్కో రేణువూ పక్కకు జరుపుతారు. అందులో తగిలే సొర పన్ను ఆవగింజంత. దాన్ని చూసి ఎవరూ కేకలు వేయరు. ఊపిరి బిగబడతారు, గట్టిగా వదిలితే అది ఎగిరిపోతుంది.