మరమగ్గాల సీమకు బరువు తగ్గించే మందు

2016 అక్టోబరు దాకా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ కరీంనగర్ జిల్లావే. మరమగ్గాలు, బీడీలు, గల్ఫ్ వలసలు వాటి బతుకుదెరువు. నేతన్నల ఆత్మహత్యలతో వార్తలకెక్కిన సిరిసిల్లకు ఆకలి పాత పరిచయం. ఊబకాయం కొత్త బాధ. చాట ముందేసుకుని రోజంతా కూర్చునే బీడీ పనిలో ఒంటికి కదలిక ఎక్కడిది?

ఆ బాధకు మందులున్నాయి; కానీ బరువు తగ్గించే మందుల గతం భయపెడుతుంది. 1930లలో అమెరికాలో డైనైట్రోఫినాల్ ప్రాణాలే తీసింది; 1938లో దాన్ని ఆపేశారు. గుండెపోటు, పక్షవాతం ముప్పుందని మన దేశం 2011లో సిబుట్రమిన్‌ను నిషేధించింది.

బరువు తగ్గించే ఇప్పటి సూది మందులు వేరు. టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు తగ్గడం కోసం సెమాగ్లుటైడ్ జూన్‌లో దేశంలోకి వచ్చాయి. 2026 మార్చితో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు తీరి, చవక రకాలకు దారి తెరుచుకుంది. చవకైన కొద్దీ జాగ్రత్త పెరగాలి.

సెమాగ్లుటైడ్ సూది వారానికొకటి. 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు వారాలకోసారి డాక్టరే మోతాదు పెంచాలి. తొందరపడితే వాంతులు ఇబ్బంది పెట్టవచ్చు. గర్భిణులు, ఇంట్లో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు వాడేవాళ్లకు చక్కెర పడిపోవచ్చు. కొవ్వుతో పాటు కండ కూడా తరుగుతుంది కనుక పప్పు, గుడ్డు, బరువులెత్తే వ్యాయామం తప్పవు. సూది మానేస్తే పోయిన బరువులో చాలా భాగం తిరిగొస్తుందని పరిశోధనల్లో తేలింది.