గొరిల్లా గుండెలు బాదుకుంటే దాని అర్థమేమిటి? స్వభావం, కోపం, మనం తీసుకోవాల్సిన జాగ్రత్తలు

బెంగళూరు, కోలారు, హోసూరు వైపు తెలుగు కుటుంబాలు సెలవుల్లో మైసూరు వెళ్తే ప్యాలెస్, చాముండి కొండ చూశాక పిల్లలు పట్టుబట్టేది జూ కోసమే. 1892లో మొదలైన శ్రీ చామరాజేంద్ర జూలో పోలో అనే మగ గొరిల్లా చాలా ఏళ్లు ఒంటరిగా గడిపి 2014లో చనిపోయింది. ఆ తర్వాత 2021 ఆగస్టులో జర్మనీ నుంచి థాబో, డెంబా అనే రెండు మగ గొరిల్లాలు వచ్చాయి. వాటి ముందు జనం ఎలా ఉంటారో చూసినవారికి తెలుసు. ఒకరు ఈల వేస్తారు, ఒకరు పళ్లికిలిస్తారు, ఇంకొకరు గుండెలు బాదుకుని వెక్కిరిస్తారు. మనకది సరదా. దానికి అది ఏమిటో తెలుసుకోవడం కోసమే ఈ వ్యాసం.

గొరిల్లాలు ఎవరు, ఎక్కడివి?

గొరిల్లాలు మధ్య ఆఫ్రికా అడవుల్లో మాత్రమే పుట్టి పెరిగే జీవులు. వీటిలో తూర్పు, పశ్చిమ అని రెండు జాతులు, వాటిలో మళ్లీ రెండేసి ఉపజాతులు ఉన్నాయి. జూలలో మనకు కనిపించేవి దాదాపు అన్నీ పశ్చిమ మైదాన గొరిల్లాలే. ఉగాండా, రువాండా, కాంగో సరిహద్దు కొండల్లో ఉండేవి పర్వత గొరిల్లాలు. 2018 వరకు పూర్తయిన లెక్కల ప్రకారం వీటి సంఖ్య వెయ్యి దాటింది.

ఆకులు, కాడలు, వేళ్లు, పండ్లు, కొన్ని చోట్ల చీమలు, చెదలు వీటి ఆహారం. మాంసం కోసం వేటాడవు. సాధారణంగా ఒక గుంపులో ఒక పెద్ద మగది, కొన్ని ఆడవి, వాటి పిల్లలు ఉంటాయి. మగదానికి పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి వీపు మీది వెంట్రుకలు వెండిరంగుకు తిరుగుతాయి. అందుకే దాన్ని సిల్వర్‌బ్యాక్ అంటారు. దాని బరువు 140 నుంచి 200 కిలోల దాకా ఉంటుంది. గుంపు ఎటు వెళ్లాలో, ఎక్కడ ఆగాలో అదే నిర్ణయిస్తుంది. గుంపులో గొడవ వస్తే తీర్చేది, బయటి నుంచి ఆపద వస్తే ఎదురు నిలిచేది కూడా అదే. ఆడ గొరిల్లా సుమారు నాలుగేళ్లకొక పిల్లను కంటుంది. ఒక పిల్ల పోతే గుంపుకు అది పెద్ద నష్టం. దాని కోపం చాలావరకు కాపలా నుంచి పుట్టేదే.

కోపం మెట్లు మెట్లుగా వస్తుంది

మన ఇళ్లలో గుండెలు బాదుకున్నారంటే దుఃఖం. గొరిల్లాకు అది హెచ్చరిక. అరచేతులు కొద్దిగా దొప్పలా వంచి ఛాతీ మీద కొడితే ఆ శబ్దం అడవిలో చాలా దూరం వినిపిస్తుంది. పెద్ద శరీరమున్న మగదాని శబ్దం తక్కువ స్థాయిలో, బరువుగా ఉంటుందని 2021లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. అంటే ఎదుటి మగది చూడకముందే, విని, తన ప్రత్యర్థి ఎంతటివాడో అంచనా వేసుకోవచ్చు. కొట్లాట లేకుండానే విషయం తేలిపోతుంది.

1959, 60లలో పర్వత గొరిల్లాలను దగ్గరగా గమనించిన జార్జ్ షాలర్ ఈ ప్రదర్శనను తొమ్మిది మెట్లుగా వివరించారు. మొదట హూ హూ అనే కూతలు. తర్వాత ఒక ఆకు తుంచి పెదాల మధ్య పెట్టుకోవడం. రెండు కాళ్ల మీద లేవడం, మొక్కలు పీకి విసరడం, గుండెలు బాదుకోవడం, కాలు విసరడం, పక్కకు పరుగెత్తడం, కొమ్మలు కొట్టడం, చివరగా నేలను అరచేత్తో ఒక్క దెబ్బ. ప్రతిసారీ అన్నీ ఉండవు. కానీ వెనక్కి తగ్గడానికి ఎదుటివారికి ఎన్ని అవకాశాలు ఇస్తుందో చూడండి.

దీని తర్వాతి మెట్టు నేరుగా మీదికి దూసుకురావడం. చాలాసార్లు అది కొద్ది దూరంలోనే ఆగిపోతుంది. అరిచే కుక్క కరవదని మన సామెత. గొరిల్లా విషయంలో అది చాలావరకు నిజమే కానీ, పూర్తిగా నమ్ముకోకూడదు. ఎదుటివారు పరుగెత్తితే, పిల్లల మధ్యకు వెళ్తే, తప్పించుకునే దారి మూసేస్తే అది కొరకగలదు. దాని కోరపళ్లు చాలా పెద్దవి.

మన నవ్వు దానికి నవ్వు కాదు

2007 మేలో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్ జూలో బొకిటో అనే మగ గొరిల్లా నీటి కందకం దాటి బయటకు వచ్చి ఒక మహిళను తీవ్రంగా గాయపరిచింది. ఆమె తరచూ వచ్చి దాని కళ్లలోకి చూసి నవ్వేవారు. అది కూడా తనను చూసి నవ్వుతోందని అనుకునేవారు. గొరిల్లాల మధ్య కళ్లలోకి తదేకంగా చూడడమంటే సవాలు చేయడం. పళ్లు కనిపించేలా నవ్వడం కూడా వాటికి స్నేహంగా అనిపించకపోవచ్చు. ఆ సంఘటన తర్వాత ఒక బీమా సంస్థ సందర్శకులకు కాగితపు కళ్లద్దాలు పంచింది. పెట్టుకున్నవారు పక్కకు చూస్తున్నట్టు కనిపించేలా వాటి మీద కళ్లు ముద్రించి ఉండేవి.

గుళ్ల దగ్గర కోతులతో మనకు ఈ అనుభవం ఉన్నదే. కోతి కళ్లలోకి చూసి పళ్లికిలిస్తే అది గుర్రుమంటుంది. చూపు తిప్పుకుంటే సాధారణంగా తన దారిన పోతుంది.

మూడు జూలు, ముగ్గురు పిల్లలు

1986 ఆగస్టులో జెర్సీ ద్వీపంలోని జూలో ఐదేళ్ల బాలుడు గొరిల్లాల ఆవరణలో పడి స్పృహ తప్పాడు. జాంబో అనే సిల్వర్‌బ్యాక్ అతని దగ్గర నిలబడి, మిగతావాటిని రానీయకుండా, వీపు నిమిరింది. 1996 ఆగస్టులో చికాగో దగ్గరి బ్రూక్‌ఫీల్డ్ జూలో మూడేళ్ల బాలుడు పడ్డాడు. బింటి జువా అనే ఆడ గొరిల్లా, తన పిల్ల వీపు మీద ఉండగానే, అతన్ని ఎత్తుకెళ్లి సిబ్బంది వచ్చే తలుపు దగ్గర ఉంచింది. 2016 మే 28న సిన్సినాటి జూలో మరో మూడేళ్ల బాలుడు పడ్డాడు. హరాంబే అనే పదిహేడేళ్ల మగది అతన్ని నీళ్లలో ఈడ్చింది. పైన జనం కేకలు వేస్తున్నారు. మత్తు ఇంజెక్షన్ పనిచేయడానికి సమయం పడుతుంది కనుక సిబ్బంది దాన్ని కాల్చి చంపాల్సి వచ్చింది. బాలుడు బతికాడు.

ఏ గొరిల్లా ఎలా ప్రవర్తిస్తుందో ముందే చెప్పలేమన్నది ఈ మూడింటిలోనూ ఉన్న పాఠం. పిల్లాడు లోపల పడ్డాక మన చేతిలో ఉండేది చాలా తక్కువ. పడకుండా చూసుకోవడమే మన పని.

జూలో పాటించాల్సినవి

• ఫొటో కోసం పిల్లలను కటకటాల మీద, గోడ మీద నిలబెట్టకండి, కూర్చోబెట్టకండి. చెయ్యి వదలకండి.
• అద్దం మీద కొట్టడం, అరవడం, గుండెలు బాదుకుని వెక్కిరించడం వద్దు.
• కళ్లలోకి తదేకంగా చూడకండి. చూసీ చూడనట్టు చూస్తే అది మన ముందే నిశ్చింతగా తింటుంది, ఎక్కువసేపు చూడవచ్చు.
• అరటిపండైనా, బిస్కెట్టైనా లోపలికి విసరకండి.
• ఎవరైనా లోపల పడితే వెంటనే సిబ్బందిని పిలవండి. లోపలికి దూకకండి. చుట్టూ ఉన్నవారిని కేకలు వేయనీయకండి.

అడవిలో చూడడానికి వెళ్లేవారికి

ఉగాండా, రువాండాల్లో ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకుంటున్న మనవారు, వారిని చూడడానికి వెళ్లే బంధువులు పర్వత గొరిల్లాల యాత్ర చేయాలనుకోవచ్చు. అక్కడ పర్మిట్ తప్పనిసరి. ఒక గుంపు దగ్గరకు రోజుకు ఎనిమిది మందినే, గంటసేపే అనుమతిస్తారు. పదిహేనేళ్ల లోపు వారిని రానీయరు. నిర్దేశించిన కనీస దూరం పాటించాలి, గైడు ఇంకా వెనక్కి జరగమంటే జరగాలి. ఫ్లాష్ వాడకూడదు, అక్కడ ఏమీ తినకూడదు.

గొరిల్లా మీదికి దూసుకొస్తే పరుగెత్తకండి. చూపు నేలకు దించి, మెల్లగా కిందికి ఒదిగి కూర్చుని, గైడు చెప్పినట్టు చేయండి. పిల్ల గొరిల్లా తానుగా దగ్గరకొచ్చినా చెయ్యి చాపకండి. దాని తల్లి, సిల్వర్‌బ్యాక్ మిమ్మల్ని చూస్తూనే ఉంటాయి.

అసలు ప్రమాదం ఎవరి నుంచి ఎవరికి?

జన్యువుల్లో గొరిల్లాకూ మనకూ తేడా రెండు శాతం లోపే. అందుకే మన జలుబు దానికి అంటుకుంటుంది, ప్రాణం మీదికి తెస్తుంది. 2009లో రువాండాలో మనుషుల్లో కనిపించే ఒక శ్వాసకోశ వైరస్ పర్వత గొరిల్లాల గుంపులోకి చేరింది. ఒక ఆడ గొరిల్లా, ఒక పసికూన చనిపోయాయి. 2021 జనవరిలో అమెరికాలోని శాన్ డియాగో సఫారీ పార్కు గొరిల్లాలకు కరోనా సోకింది. దగ్గు, జ్వరం ఉంటే యాత్ర మానుకోమనేది ఇందుకే.

అడవిలో గొరిల్లా చేతిలో మనిషి చనిపోవడం చాలా అరుదు. మనిషి వల్ల గొరిల్లాలు చనిపోవడం మాత్రం అరుదు కాదు. వేట, ఉచ్చులు, అడవుల నరికివేత, రోగాలు వాటిని ఇంకా వెంటాడుతున్నాయి. పర్వత గొరిల్లాలతో ఏళ్ల తరబడి గడిపిన డయాన్ ఫాసీకి ప్రియమైన డిజిట్ అనే మగదాన్ని 1977 చివరి రోజున వేటగాళ్లు చంపారు. తన గుంపును కాపాడబోయి అది ప్రాణం పోగొట్టుకుంది.

ఈసారి మైసూరు వెళ్లినప్పుడు పిల్లలకు ఒక్క మాట చెప్పి తీసుకెళ్లమని మా మనవి: మనం దాని ఇంటి ముందు నిలబడిన చుట్టాలం. చుట్టాలు ఇంటివాళ్లను వెక్కిరించరు.